ఈ ఎరుపు ఎక్కడిది

ప్రమీల ఆ రిజిస్టర్‌లో సంతకం పెట్టనని చెప్పిన నాటికి సూరత్‌లో వాన పట్టుకుని ఎనిమిది రోజులైంది. ల్యాబ్ కిటికీ అద్దాలకు లోపలి వైపు కూడా చెమ్మ చేరింది. డాక్టర్ వంశీధర్ రిజిస్టర్‌ను ఆమె ముందుకు జరిపి, పెన్ను మూత తీసి మరీ ఇచ్చాడు.

"రెండో బ్యాచ్ కింద ఒక సంతకం పెట్టెయ్ ప్రమీలా. మొదటి బ్యాచ్ ఎలా తయారుచేశామో ఇదీ అలాగే చేశామని. సాయంత్రంలోగా జర్నల్‌కు పేపర్ పంపేయాలి."

"అట్ల చెయ్యలే గద సార్."

"ఏంటి?"

"మొదటి దాని లెక్క దీన్ని చెయ్యలే. నేను సంతకం పెట్టను."

వంశీధర్ ముందు నవ్వాడు. ఆరేళ్లలో ఆమె అతనికి కాదని చెప్పిన సందర్భం ఒక్కటీ లేదు. ఆమె నవ్వకపోవడం చూసి పెన్ను మూత పెట్టేశాడు.

ప్రమీల ఆ ప్రైవేటు యూనివర్సిటీలో ల్యాబ్ టెక్నీషియన్. అందరూ సూరత్‌లోని గోడాదరా పేట అమ్మాయి అనుకుంటారుగానీ, ఆమె తండ్రి పరుశురాంది కోరుట్ల దగ్గరి పల్లె. ముప్పై ఏళ్ల కింద మగ్గాల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ప్రమీల గుజరాతీ మీడియంలో కెమిస్ట్రీ డిగ్రీ చేసి, ఇంటర్వ్యూలో మాటల మధ్య తెలుగు దొర్లడంతో వంశీధర్ కళ్లలో పడింది. అతనిది కాకినాడ. "మన తెలుగమ్మాయే" అని కమిటీకి చెప్పి తీసుకున్నాడు. ల్యాబ్‌లో మిగతావాళ్లు ఆమెను గుజరాతీ పద్ధతిలో ప్రమీలాబెన్ అంటారు.

ఆమె పని రాళ్లతో. కిమ్ అనే ఊరు దాటాక ఉన్న నల్లరాతి క్వారీకి వెళ్లి రాళ్లు ఏరి తెస్తుంది. వాటిని పగలగొట్టి, ఇనుము కలవని గట్టి అకీకు రాతితో చేసిన చిన్న రోట్లో మెత్తగా నూరి, జల్లించి, తేమ లేకుండా ఆరబెట్టి, డబ్బాల్లో పోసి చీటీలు అంటిస్తుంది. ఆ పొడి మీద స్పెక్ట్రోమీటర్ అనే యంత్రంతో వెలుతురు వేస్తారు. తిరిగి వచ్చిన వెలుతురులో ఏ రంగు ఎంత తగ్గిందో ఆ యంత్రం గీతగా గీస్తుంది. కంటికి కనబడని రంగుల్ని కూడా కొలుస్తుంది. ఒక్కో ఖనిజం ఒక్కో చోట వెలుతురును మింగేస్తుంది కాబట్టి గీత అక్కడ లోయలా దిగుతుంది. అంగారకుడి చుట్టూ తిరిగే నౌకలు పైనుంచి కొలిచేదీ ఇదే. అక్కడి గీతనూ ఇక్కడి రాయి గీతనూ పక్కపక్కన పెట్టి, అక్కడ ఏ రాయి ఉందో చెప్పడం వంశీధర్ ప్రాజెక్టు. ఆ లోయలు చదవడం ప్రమీలకు నేర్పింది కూడా అతనే. మొదటి ఏడాది రోజూ సాయంత్రం అరగంట కూర్చోబెట్టి, కాగితం మీద పెన్సిల్‌తో గీసి చెప్పేవాడు. ఆ సంగతి ఆమె ఎప్పుడూ మరిచిపోలేదు.

ఫిబ్రవరిలో చేసిన మొదటి బ్యాచ్ పొడి బూడిద రంగులో ఉంది. దాని గీతలో వెయ్యి నానోమీటర్ల దగ్గర లోతైన లోయ. ఆ నల్లరాతిలో ఇనుము ఇంకా గాలి సోకని స్థితిలో ఉందని దాని అర్థం. జూలైలో రెండో బ్యాచ్ పొడి ఇటుక రంగులో వచ్చింది. వెయ్యి దగ్గరి లోయ దాదాపు పూడిపోయింది. నీలం వైపు గీత నిట్టనిలువుగా పడిపోయి, ఎనిమిది వందల అరవై దగ్గర కొత్త నొక్కు ఒకటి తేలింది. అది తుప్పు గుర్తు.

వంశీధర్ ఆ గీత చూసి కుర్చీలోంచి లేచాడు. రెండేళ్లుగా అతను అంగారకుడి మీద ఒక పల్లపు ప్రాంతం గీతను పట్టుకుని, దానికి సరిపోయే రాయి కోసం వెతుకుతున్నాడు. ఈ రెండో బ్యాచ్ గీత దాని మీద అచ్చు వేసినట్టు కూర్చుంది. క్వారీలో కింది పొర రాయి యుగాల తరబడి నీళ్లలో నాని మారిపోయిందని, అంగారకుడి మీద ఆ పల్లంలోనూ అంతకాలం నీళ్లు నిలిచాయని అతను పేపర్ రాశాడు.

చిక్కేమిటంటే, ఆ రాళ్లు ఏరినది ప్రమీల. రెండు బ్యాచ్‌లూ ఒకే గోడ నుంచి, ఒకే పొద్దున, చేతికందే ఎత్తులోనే పగలగొట్టి తెచ్చింది. కింది పొర అంటూ ఏదీ లేదు.

"రెండూ ఒక్కటే రాయి సార్," అంది ఆమె ఇప్పుడు. "జూన్ ఆఖరుల నాయిన చెయ్యి మగ్గంల పడ్డదని నేను పది రోజులు సెలవు పెట్టిన. అప్పుడే ఈ బ్యాచ్ అయింది. అకీకు రోలు పగిలిందని ఇనుప రోట్ల దంచిన్రు. నీళ్లు పోసి కడిగిన్రు. ట్రేల పోసి వారం రోజులు వానగాలికి వదిలేసిన్రు. అది ఆరలేదని కొలిమిల పెట్టిన్రు. ఇనుప రోటి రజను తుప్పు పట్టదా మరి?"

"నీకెవరు చెప్పారు?"

"ట్రే అంచుకు ఇంకా తుప్పు గీత ఉంది. కొలిమి పుస్తకంల ఐదు వందల డిగ్రీలు అని రాసి ఉంది."

ఆ పని చేసింది తేజశ్రీ. వంశీధర్ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. వాళ్లూ తెలుగువాళ్లే, తండ్రి హజీరా ఫ్యాక్టరీలో ఇంజనీరు. గడువు మీద పడుతోందని భయపడి తనకు తెలిసిన అడ్డదారులన్నీ తొక్కింది. ఆ సమయానికి ఆమె పక్క టేబుల్ దగ్గరే నిలబడి ఉంది. తల ఎత్తలేదు.

వంశీధర్ గొంతు తగ్గించాడు. "చూడు ప్రమీలా. ఎర్రబడితే ఏమైందమ్మా? అంగారకుడి మీదా ఇనుమే, అక్కడా ఎర్రబడటమే కదా. గీత సరిపోయింది. అది చాలు."

"అక్కడ ఎట్ల ఎర్రబడ్డదో మనకు తెల్వదు సార్. అది తెల్సుకుందామనే కద ఇదంతా. ఇక్కడ ఎట్ల ఎర్రబడ్డదో మాత్రం నాకు తెల్సు."

"నువ్వు సైంటిస్టువి కాదు."

"కాదు. అందుకే పేపర్ మీద నా పేరు లేదు. రిజిస్టర్ మీద ఉంది. రిజిస్టర్ల అబద్ధం రాయను."

వంశీధర్ రిజిస్టర్ తన వైపు లాక్కుని తనే సంతకం చేశాడు. పేపర్ ఆ సాయంత్రమే వెళ్లిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ప్రమీల ఈ విషయం చెప్పింది. పరుశురాం కుడిచేతి వేళ్లకు ఇంకా కట్టు ఉంది. మంచం మీద కూర్చుని ఎడమ చేత్తో అన్నం కలుపుకుంటూ విన్నాడు.

"ఒక్క సంతకం గద," అన్నాడు. "నిన్ను కొలువుల పెట్టింది గా సారే. పెద్దోళ్లతోని ఎదురువెట్టుకుంటే మనకేమొస్తది? అంగారకుని మీద నీళ్లుంటే మనకేంది, లేకుంటే మనకేంది?"

తల్లి ఎల్లవ్వ అతని పళ్లెంలో కూర వేసింది. ఆమె ఇరవై ఏళ్లుగా బట్ట చెకింగ్ పనికి వెళుతుంది. మగ్గం మీంచి దిగిన బట్ట తానును ఇక్కడ తాకా అంటారు. ఆ తాకాను కింద లైటున్న గాజు బల్ల మీద పరిచి, తెగిన పోగులూ మరకలూ వెతకడం ఆమె పని.

"వానకాలం తాకాల మీద ఎర్ర మరకలొస్తయి," అంది ఎల్లవ్వ. "కొత్తగా పోయినప్పుడు నేను గవి నూలు మరకలనుకున్న. నూలు అమ్మెటోన్ని తిట్టిన. పనోళ్ల మీదుండే మా ముకద్దం నన్ను తోల్కపోయి మగ్గం చూపిచ్చిండు. బట్ట తాకే కాడ ఇనుపకమ్మి తుప్పువట్టి ఉన్నది. మరక బట్టది కాదు, నూలుది కాదు. మగ్గానిది. తెల్వక నూలోని పేరు రాసినందుకు ఇప్పటికీ మనసుల ఉంటది నాకు." ఆమె భర్త వైపు తిరిగింది. "తెల్వక రాసిందే గంత బాధ పెడ్తది. తెల్సి రాస్తే ఎట్లుంటది?"

పరుశురాం తిన్న చెయ్యి కడుక్కుని వచ్చి, "నీ ఇష్టం బిడ్డా," అన్నాడు. "గాని ఉత్తమాటలతోని కొట్లాడకు. చూపియ్యి."

చూపించడం ఎలాగో ప్రమీలకు అప్పటికే తెలుసు. క్వారీ నుంచి తెచ్చిన రాళ్లలో ఒక పెద్ద ముక్క ఇంకా పగలకుండా మిగిలి ఉంది. అయస్కాంతం పెట్టి ఇనుప రజను ఉందని చూపిస్తే సరిపోతుందని మొదట అనుకుంది. కానీ ఆ నల్లరాతిలో అయస్కాంతానికి అంటుకునే ఖనిజం సహజంగానే ఉంటుంది. వంశీధర్ ఆ ఒక్కమాటతో కొట్టిపారేస్తాడు. అందుకని ఒకే రాయిని నాలుగు రకాలుగా చేయాలని నిర్ణయించుకుంది. కొత్త అకీకు రోలు కోసం పెట్టిన ఆర్డరు ఎక్కడో ఆఫీసులో ఆగిపోయి ఉంది. ఒక శనివారం సెలవు పెట్టి తనే ఖంభాత్‌కు బస్సెక్కింది. తరతరాలుగా అకీకు కోసే ఊరు అది. ఒక ముసలాయన దగ్గర చిన్న రోలూ రోకలీ కొనుక్కుని ఒడిలో పెట్టుకుని తిరిగొచ్చింది.

రాయిని పగలగొట్టి నాలుగు పాళ్లు చేసింది. మొదటి పాలు అకీకు రోట్లో నూరి, తేమ పీల్చే గుళికలున్న డబ్బాలో పెట్టింది. రెండోది అకీకు రోట్లోనే నూరి, తడిపి వారం రోజులు ట్రేలో వదిలేసింది. మూడోది ఇనుప రోట్లో దంచి, కడిగి, అంతే కాలం వదిలేసింది. నాలుగోది మూడో దానిలాగే చేసి, ఆపైన ఐదు వందల డిగ్రీల కొలిమిలో పెట్టింది.

వారం తిరిగేసరికి మొదటిది బూడిద రంగులోనే ఉంది. రెండోది కొంచెం మాసింది. మూడోది గోధుమ రంగుకు తిరిగింది. కొలిమిలోంచి తీసిన నాలుగోది ఇటుకపొడిలా ఉంది. కంటికి తేడా తెలుస్తూనే ఉంది. కానీ కన్ను చూసింది సాక్ష్యం కాదు, గీత కావాలి. వంశీధర్ స్పెక్ట్రోమీటర్ గదికి తాళం వేయిస్తున్నాడు. యంత్రం వాడాలంటే పరిశోధక విద్యార్థి పేరు మీద సమయం తీసుకోవాలి.

ఆమె తేజశ్రీని క్యాంటీన్‌లో కలిసింది. నాలుగు చిన్న సీసాలు బల్ల మీద వరసగా పెట్టింది. తేజశ్రీ వాటిని చూసి టీ కప్పు పక్కకు జరిపింది.

"నన్ను ఇరికిస్తున్నావు ప్రమీలక్కా."

"ఇరికిచ్చేదైతే ఆ రోజే నీ పేరు చెప్పకపోదునా? కొలిమి పుస్తకంల రాత నీదే అని సార్‌కు తెల్సు, నాకు తెల్సు. నేను నీ తప్పు కోసం రాలే. గీతలు కావాలె."

"గీతలు తీస్తే నా థీసిస్ పోతుంది."

"ఇయ్యాల పోతే మళ్ల చేస్కోవచ్చు. అచ్చయినంక ఎవరన్న పట్టుకుంటే?"

తేజశ్రీ నాలుగో సీసాను వేళ్ల మధ్య తిప్పింది. "రెండేళ్లు అక్కా. రెండేళ్ల పని. నేను కావాలని చేయలేదు. పొడి ఆరట్లేదు, సార్ రోజుకు నాలుగుసార్లు అడుగుతున్నారు. ఎరుపు రాగానే భయమేసింది. సార్ సంతోషపడేసరికి, చెప్పాలనుకున్న మాట లోపలే ఉండిపోయింది." కళ్లు తుడుచుకుంది. "రేపు పొద్దున ఏడింటికి రా. స్లాట్ నా పేరు మీద రాస్తాను."

మర్నాడు ఇద్దరూ నాలుగు పొడుల మీదా వెలుతురు వేశారు. మొదటి గీతలో వెయ్యి దగ్గర లోయ లోతుగా దిగింది. రెండోదాంట్లో కాస్త తగ్గింది. మూడో గీతలో సగం పూడింది. నాలుగో గీత తెర మీదికి వచ్చాక తేజశ్రీ జూలై గీతను దాని మీద పెట్టింది. రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఎక్కడా వెలితి లేదు.

"ఇంకొకటి చూద్దామక్కా," అంది తేజశ్రీ. గొంతులో భయం పోయింది. నూరకుండా మిగిలిన రాతి ముక్కను ఆమె పలకలా కోయించింది. ప్రమీల ఇంటి నుంచి పల్చటి జార్జెట్ ముక్క తెచ్చి, దాంట్లోంచి ఎర్ర ఇనుప ఆక్సైడ్ పొడిని పలక మీద దుమ్ములా రాల్చింది. పూతకు ముందూ తర్వాతా పలకను తూచి ఆ పూత మందం లెక్కకట్టారు. వెంట్రుక మందంలో పదో వంతు. కింద నల్లరాయి ఇంకా మసకగా కనిపిస్తూనే ఉంది. అయినా గీతలో లోయ సగానికి సగం పూడిపోయింది. మరో రెండు పూతలకు లోయ జాడే లేదు. పలకను తిరగేసి చూస్తే వెనక వైపు రాయి ఏ మార్పూ లేకుండా నల్లగా ఉంది.

"పైనుంచి చూసేటోనికి పై తోలే కనబడ్తది," అంది ప్రమీల. "లోపల రాయి మంచిగున్నా, మొత్తం కుళ్లిపోయిందనుకుంటడు."

ఆగస్టు మూడో వారంలో ప్రాజెక్టు సమీక్ష జరిగింది. అహ్మదాబాద్ నుంచి డాక్టర్ సూర్యకుమారి వచ్చింది. ఉపగ్రహ చిత్రాల మీద నలభై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి, బాపట్లలో పుట్టి గుజరాత్‌లో స్థిరపడింది. మీటింగ్ గదిలో పదిమంది దాకా ఉన్నారు. నమూనాల ట్రే తెచ్చి బల్ల మీద పెట్టడం వరకే ప్రమీల పని. పెట్టి వెళ్లిపోవాలి. ఆమె పెట్టి, గోడ పక్కన నిలబడింది.

వంశీధర్ చక్కగా మాట్లాడాడు. అంగారకుడి పల్లం గీత, రెండో బ్యాచ్ గీత తెర మీద కలిసిపోయినప్పుడు గదిలో కొందరు తల ఊపారు. సూర్యకుమారి కళ్లజోడు సర్దుకుని ట్రేలోని ఇటుకరంగు సీసా ఎత్తి చూసింది.

"ఇది ఎవరు తయారుచేశారు?" అంది ఇంగ్లీషులో.

"మా ల్యాబ్‌లోనే మేడం. పద్ధతి అంతా రిజిస్టర్‌లో ఉంది."

"పద్ధతి అడగలేదు వంశీధర్. మనిషిని అడిగాను."

వంశీధర్ జవాబు వెతుక్కునే లోపు ప్రమీల ముందుకొచ్చింది. ఇంగ్లీషులో మొదలుపెట్టి, మాట తడబడి, తెలుగులోకి మారిపోయింది. సూర్యకుమారికి తెలుగు వస్తుందని ఆమెకు తెలుసు.

"నేను చెయ్యలే మేడం. చేసినట్టు సంతకం పెట్టుమన్నరు, పెట్టలే. ఈ ఎరుపు క్వారీది కాదు. ఈ బిల్డింగ్‌ది."

పక్కనున్న గుజరాతీ ప్రొఫెసర్ ఒకాయన ఏమందని మరొకరిని అడిగాడు. వంశీధర్ ముఖం గంటు పెట్టుకున్నాడు.

"ఈమె టెక్నీషియన్ మేడం. స్పెక్ట్రాలు ఈమె పరిధి కాదు. ప్రమీలా, బయటికి వెళ్లు."

"పోను సార్. నన్ను తీసెయ్యాలంటే రేపు తీసెయ్యున్రి. ఇయ్యాల చెప్పినంకనే పోత."

జేబులోంచి మడత కాగితం తీసి సూర్యకుమారి ముందు పరిచింది. నాలుగు గీతలు, ఒక్కోదాని కింద ఏ రోలు, ఎన్ని రోజులు, ఎంత వేడి అని చేతిరాత. సూర్యకుమారి వేలితో ఒక్కో గీత వెంబడి నడిచింది. నాలుగోదాని దగ్గర ఆగి తల ఎత్తి, "కొలిమి సంగతి ఎలా తెలుసు?" అని తెలుగులో అడిగింది.

ప్రమీల నోరు తెరిచేలోగా వెనక వరసలో కుర్చీ జరిగిన చప్పుడైంది. తేజశ్రీ లేచి నిలబడింది.

"నేనే పెట్టాను మేడం. ఐదు వందల డిగ్రీల్లో, రాత్రంతా. ఇనుప రోట్లో దంచిందీ నేనే. ప్రమీలక్క అప్పుడు సెలవులో ఉంది. ఈ నాలుగు గీతలూ మేమిద్దరం కలిసి తీశాం. కావాలంటే ఇప్పుడే మళ్లీ తీసి చూపిస్తాను."

సూర్యకుమారి చూపించమంది. అందరూ స్పెక్ట్రోమీటర్ గదికి నడిచారు. వంశీధర్ తాళం తీశాడు. తాళంచెవి తిప్పుతున్న అతని చేతినే ప్రమీల చూసింది. ఒకప్పుడు తన పక్కన కూర్చుని పెన్సిల్‌తో లోయలు గీసిన చెయ్యి అది. అయినా ఆమె సీసాలు ఒక్కొక్కటిగా అందించింది.

గంట తర్వాత సూర్యకుమారి, "పేపర్ వెనక్కి తీసుకోండి," అంది. గుమ్మం దగ్గర ఆగి, "ఆ పల్లంలో నీళ్లుండొచ్చు, ఉండకపోవచ్చు. ఇప్పుడు మీ దగ్గర దానికంటే మంచి ప్రశ్న ఉంది," అని, తేజశ్రీ యంత్రం పక్కన పెట్టిన రాతిపలక మీది ఎర్రపూత వైపు చూపించింది.

పేపర్ వెనక్కి వచ్చింది. వంశీధర్ రెండు నెలలు ప్రమీలతో మాట్లాడలేదు. పని చీటీల మీద రాసి బల్ల మీద పెట్టేవాడు. ఆమె చేసి, చీటీ వెనక సమయం వేసి తిరిగిచ్చేది. అతని గది ముందు నుంచి వెళ్లాల్సి వచ్చినప్పుడు చుట్టూ తిరిగి వెళ్లలేదు. పొద్దున ఎదురుపడితే ఎప్పటిలాగే నమస్తే సార్ అనేది. అతను బదులివ్వకపోయినా మర్నాడు మళ్లీ అనేది.

అక్టోబరులో తేజశ్రీ కొత్త పేపర్ రాసింది. రాతి మీద ఎంత పల్చటి తుప్పు పొర దాని అసలు గీతను దాచేస్తుంది, పైనుంచి చూసేవాళ్లు ఎక్కడ మోసపోతారు అన్నది విషయం. వంశీధర్ దిద్దాడు. నిజానికి బాగా దిద్దాడు. పొర మందం లెక్కలో ఉన్న తప్పు పట్టుకున్నది అతనే. దిద్దిన ప్రతిని ప్రమీల బల్ల మీద పెట్టించాడు. చివరి పేజీలో కృతజ్ఞతల కింద 'ల్యాబ్ సిబ్బందికి' అని ఉంది.

ప్రమీల ఆ మాటను పెన్నుతో కొట్టేసి, ప్రతి తీసుకుని అతని గదిలోకి వెళ్లింది.

"ఇదేంటి?" అన్నాడు వంశీధర్. రెండు నెలల తర్వాత అతను ఆమెతో అన్న మొదటి మాట అది.

"నాకు థాంక్స్ వద్దు సార్. నాలుగు పాళ్ల ఉపాయం నాది. రాయి నేను తెచ్చిన, నేను నూరిన. పూత పోసింది నేను. రాసినోళ్లల్ల నా పేరు పెట్టున్రి. లేకుంటే నేను చేసింది తీసేసి మిగిలింది పంపున్రి."

"టెక్నీషియన్ల పేర్లు అక్కడ పెట్టే ఆనవాయితీ లేదమ్మా."

"ఆనవాయితీ ప్రకారం నడిస్తే ఎర్రపొడి అచ్చయిపోయేది సార్."

వంశీధర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "నీకు గీతలు నేర్పింది నేను," అన్నాడు.

"మీరే నేర్పిన్రు. మరి మీరు చెప్పిందే గద చేసిన. గీత ఏం చెప్తే అదే రాయాలె, మనకు కావల్సింది రాయొద్దని మొదటి రోజే చెప్పిన్రు."

ఆమె ప్రతిని బల్ల మీద పెట్టి వచ్చేసింది. ప్రమీల పేరు లేకుండా పేపర్ పంపనని తేజశ్రీ కూడా అతనికి రాసి ఇచ్చిందని తర్వాత తెలిసింది. వారానికి తిరిగొచ్చిన ప్రతిలో రచయితల వరుసలో తేజశ్రీ తర్వాత రెండో పేరు బూర ప్రమీల అని ఉంది. వంశీధర్ తన పేరు చివర పెట్టుకున్నాడు.

డిసెంబరులో ఆమె కాంట్రాక్టు ముగిసింది. పొడిగించలేదు. ఎందుకని ఆమె ఆఫీసులో రాతపూర్వకంగా అడిగింది. అవసరం లేదు అని ఒక్క వాక్యం జవాబొచ్చింది. ఎవరి అవసరం అని మళ్లీ రాసింది. దానికి జవాబు రాలేదు. వంశీధర్ ఆపాడో, ఆఫీసు ఆపిందో తెలియలేదు. తెలుసుకోవాలని ఆమె తిరగనూ లేదు. చివరి రోజున తన అకీకు రోలూ రోకలీ బట్టలో చుట్టుకుని బయటపడింది.

పేపర్ ఫిబ్రవరిలో అచ్చయింది. మార్చిలో వడోదరలోని మరో సంస్థ నమూనాల ల్యాబ్‌కు మనిషి కావాలని ప్రకటన ఇస్తే ప్రమీల దరఖాస్తు పెట్టింది. ఇంటర్వ్యూలో ముగ్గురున్నారు. మధ్యలో కూర్చున్న పెద్దాయన ఆమె కాగితాలు తిరగేసి, హిందీలో అడిగాడు.

"సూరత్‌లో మీ ప్రొఫెసర్‌తో అందరి ముందూ గొడవపడ్డది మీరేనా?"

"నేనే సార్," అంది ప్రమీల, తనూ హిందీలోనే.

"ఇక్కడ కూడా అలాగే చేస్తారా?"

"ఇక్కడ కూడా డబ్బా మీద ఒకటి రాసి లోపల ఇంకొకటి పోస్తే, చేస్త సార్. అట్లాంటి మనిషి వద్దనుకుంటే ఇప్పుడే చెప్పున్రి. మూడింటికి నాకు సూరత్ బండి ఉంది."

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దాయన ఆమె ఫైలు మూయలేదు. పూత మందం ఎలా కొలిచారో చెప్పమని ముందుకు వంగాడు. ఆమె లేచి బోర్డు దగ్గరికి వెళ్లి, సుద్దముక్క తీసుకుని లెక్క మొదలుపెట్టింది. మూడింటి బండి తప్పిపోయింది.